నెల రోజుల సీసా

నేను 60 మిల్లీలీటర్ల సీసాని. కడుపులో 5 శాతం మినాక్సిడిల్. జగ్గయ్యపేటలో ఓ మందుల షాపు అద్దాల బీరువాలో, గుంటగలగరాకు నూనె పక్కన చాన్నాళ్లు నిలబడ్డాను. దాని డబ్బా మీద మోకాళ్ల దాకా జడున్న అమ్మాయి బొమ్మ. నా మీద చీమతలకాయంత అక్షరాల్లో జాగ్రత్తలు. ఎవరి చెయ్యి ఎటు పోతుందో చెప్పాలా?

మాది బీపీ మాత్రల వంశం. అమెరికాలో 1979లో రక్తపోటుకని అనుమతి వచ్చింది. మింగినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలిచాయి. దాంతో ద్రావణం చేసి 1988 నుంచి మగవాళ్ల తలకు పట్టించారు. 1996 నుంచి అక్కడ డాక్టరు చీటీ కూడా అడగడం లేదు.

నన్ను కొన్నది సిమెంటు ఫ్యాక్టరీ కుర్రాడు. రోజూ నందిగామ నుంచి వచ్చిపోతాడు.

"బోరు నీళ్లండీ. దానికే ఊడుతోంది," అన్నాడు.

"మీ నాన్నగారికెలా ఉంది బాబూ?" అన్నాడు షాపాయన.

"ఆయనది గుండేలెండి!"

అడగాల్సిన ప్రశ్న అదే. నడినెత్తి పలచబడే వంశపారంపర్యపు బట్టతలకే నేను పనికొస్తాను. పేనుకొరుకుడు వేరే జబ్బు. పూర్తిగా నున్నబడ్డ చోట నా వల్ల ఏమీ కాదు.

ఆ సాయంత్రం చిల్లకల్లు దాటాక బస్సు కిటికీ గాలికి పక్క జుట్టు లేచిపోతుంటే అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. రాత్రి అద్దం ముందు డ్రాపర్‌లో ఒక మిల్లీలీటరు గీత దాకా పీల్చి జుట్టు మీద కుమ్మరించాడు. సగం కనుబొమల్లోకి కారింది. పాపిడి తీసి, పొడి మాడుకు తగిలేలా చుక్కలు వెయ్యాలయ్యా! జుట్టుకు రాస్తే ఏం లాభం?

మూడో వారం దిండు నిండా వెంట్రుకలే. "అమ్మా, ఉన్నవి కూడా ఊడగొడుతోంది!" అని కేకేశాడు. కొత్తవి లేవడానికి పాతవి రాలడం నా పనిలో భాగమే, కానీ నాకు నోరేదీ?

"పెనుగంచిప్రోలు వెళ్లి తిరుపతమ్మకు తలనీలాలిచ్చెయ్‌రా, గొడవ వదిలిపోద్ది," అంది వాళ్లమ్మ.

షాపాయనే మళ్లీ సర్దిచెప్పాడు: నాలుగు నెలలన్నా చూడాలి, ఆపేస్తే మొలిచినవీ నిలవవు, మాడు మండితే మాత్రం ఆపి డాక్టరుకు చూపించమని. రోజుకు రెండుసార్లు రాస్తే మా ఆయుష్షు నెల. ఫలితం చూసే యోగం నాలుగో సీసాకో, ఐదోదానికో. వీడు పొద్దుటి బస్సు హడావిడిలో ఎగ్గొట్టబట్టి నేను రెండు నెలలు బతికాను.

ఇప్పుడు వాళ్లమ్మ నన్ను కడిగి కుట్టుమిషను నూనె పోసుకుంది. రాత్రిళ్లు వాడొచ్చి తల వంచుతాడు.

"చూడమ్మా, వచ్చినయ్యా?"

ఆమె కళ్లజోడు పైకి తోసుకుంటుంది. "ఆ లైటు కిందికి జరుగు."