పారమట్టాలో పేజ్‌మేకర్ కాపురం

విండోస్ 10ను 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ వదిలించుకుంది. దాంతో సిడ్నీలో పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు మన ఇళ్ల గరాజుల్లో పడి ఉన్న కంప్యూటర్లలో ఉబుంటు లినక్స్‌నో మింట్‌నో ఎక్కించి, ఇక హాయి అనుకునేవాళ్లు తయారయ్యారు. హాయి ఎక్కడిదండీ? తెలుగు సంఘం వాళ్ల ఉగాది సంచికలు పాతవన్నీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో ఉండిపోయాయి. నాన్నగారు గుంటూరు నుంచి పట్టుకొచ్చిన పంచాంగం ప్రోగ్రాం డాస్ కాలం నాటిది. వీటిని లినక్స్‌లో నడుపుకునే ఉపాయాలు చెబుతాను. పొల్లుపోకుండా పాటిస్తే శనాదివారాల్లో ఎవరింటి బార్బెక్యూకీ వెళ్లాల్సిన అవసరం రాదు.

ముందుగా వైన్. విండోస్ ప్రోగ్రాం అడిగేవాటిని అప్పటికప్పుడు లినక్స్‌కు తెలిసే పద్ధతిలోకి మార్చిపెడుతుంది. లోపల విండోస్ ఉండదు. 1993లో మొదలైన ఈ పని 1.0 అనిపించుకునేసరికి 2008 వచ్చింది. అంత నిదానంగా తయారైన సరుక్కి సూచనలు చదవడమెందుకు? ఏది మొరాయించినా ముందు సుడో తగిలించండి, అంటే రూట్ అనే సర్వాధికారి హోదాలో నడపండి. రూట్‌గా నడపొద్దని వైన్ వాళ్లు నెత్తీనోరూ కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి. మామూలుగా వైన్‌లో జెడ్ డ్రైవ్ అంటే మీ లినక్స్ మొత్తం. సుడో పుణ్యమా అని ప్రెస్సు నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌లోని వైరస్సు పిల్లల ఫొటోలతో ఆగకుండా సిస్టం ఫైళ్లను కూడా పలకరించి వస్తుంది.

డిస్కులో జాగా చాలకపోతే ఐ386 అని, అంటే 32 బిట్‌వని, కనిపించిన ప్యాకేజీలన్నీ తుడిచేయండి. 2019లో ఉబుంటు వాళ్లు 32 బిట్ లైబ్రరీలు ఎత్తేస్తామని ప్రకటించి, జనం గోల చేస్తే వెనక్కి తగ్గారు. ఆ మిగిలిన పని మీరు పూర్తిచేయండి. పేజ్‌మేకర్ 32 బిట్‌ది కదా అన్న అనుమానం పెట్టుకోవద్దు.

ఇక అసలు కాపురం. మీరు నొక్కిన మీటను మధ్యలోనే పట్టుకుని, దాని బదులు తెలుగు ముక్కను పేజ్‌మేకర్‌కు అందించేది అను స్క్రిప్ట్ మేనేజర్. ఇద్దరూ ఒకే ప్రిఫిక్స్‌లో, అంటే వైన్ తన ప్రోగ్రాములను ఉంచే ఒకే ఫోల్డర్‌లో, ఉంటేనే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. కనుక అనును ఒక ప్రిఫిక్స్‌లో, పేజ్‌మేకర్‌ను ఇంకో దాంట్లో పెట్టి వేరు కాపురం పెట్టించండి. మీరు 'అమ్మ' అని కొడతారు, పేజీ మీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. తప్పు లినక్స్‌దేనని వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.

ఆ కాలపు భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ ఉండేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేదు. అయినా డాంగిల్‌ను పారేయకండి, దసరాకు ఆయుధపూజలో పనికొస్తుంది.

ఎక్స్‌పీనే కావాలని పట్టుబట్టే పెద్దవాళ్లుంటే వర్చువల్‌బాక్స్‌లో ఎక్కించి, నెట్‌వర్క్ తెరిచి, బ్యాంకు పనులు కూడా అందులోనే కానివ్వండి. దానికి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి, కాబట్టి అప్‌డేట్ల బెడద బొత్తిగా ఉండదు.

పంచాంగానికి డాస్‌బాక్స్ బాగా సరిపోతుంది. అక్షాంశం అడిగితే 33 డిగ్రీల 49 నిమిషాలు, రేఖాంశం అడిగితే 151 తూర్పు కొట్టండి. 'దక్షిణం' అన్న గడిని పట్టించుకోకండి. గవర్నర్ బ్రిస్బేన్ 1822లో దక్షిణ ఆకాశం కొలవడానికని పారమట్టాలో వేధశాల కట్టించాడు. దాని తాలూకు రాళ్లు పారమట్టా పార్కులో ఇంకా నిలబడి ఉన్నాయి. ఆయనకు పనిలేదు. దక్షిణం వదిలేస్తే మీ ఇల్లు జపాన్‌కు తూర్పున పసిఫిక్ సముద్రం మధ్యకు పోతుంది. డిసెంబరులో ఇక్కడ ఆరు కొట్టకముందే పొడిచే సూర్యుడు మీ పంచాంగంలో రెండు గంటలకు పైగా ఆలస్యంగా లేస్తాడు. రాహుకాలం ఆయన్ని పట్టుకునే నడుస్తుంది గనక గృహప్రవేశాలు హుషారుగా సాగుతాయి. టైమ్‌జోన్ గడిలో కూడా ఒకసారి పెట్టిన అంకెను మళ్లీ ముట్టుకోవద్దు. 2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే గడియారాలు వెనక్కి తిప్పారు, అంటే గ్రీనిచ్‌కు 10 గంటలు ముందు. 2025 ఉగాది మార్చి 30న, ఇంకా వేసవి సమయంలోనే, 11 గంటలు ముందు. గంట తేడా ఏపాటిది? తిథి సూర్యోదయానికి కాస్త అటో ఇటో ముగిసిన ఏడాది అడుగుదురు గాని.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా: ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. అను ఫైల్లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. లాటిన్ అక్షరాల స్థానాల్లో తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఒకచోట బొమ్మలుగా అతికించి ఉంటాయి. ఫాంటు తీసేస్తే 'కృష్ణ' కాస్తా నెత్తిన చుక్కలూ కింద తోకలూ ఉన్న ఐరోపా అక్షరాల గుంపవుతాడు. పేరు పెట్టి వెతికితే దొరకడు. ప్రెస్సు ఆపరేటర్ ఫోన్లో అంటాడు: "సార్, ఫాంటు మీ దగ్గర లేకపోతే వత్తులు ఎగిరిపోతాయి, తర్వాత నన్ననొద్దు." అననక్కర్లేదు. ఎగిరిన కథలను రచయితలు మళ్లీ రాసిస్తారు, బతికుంటే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుందనీ, అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయనీ ఎవరైనా సాఫ్ట్‌వేర్ కుర్రాడు మొదలుపెడితే కాఫీ ఇచ్చి మాట మార్చండి. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రాఫీస్ డ్రా 2015 నుంచీ తెరుస్తోందని మాత్రం అతన్ని చెప్పనివ్వకండి. లిబ్రాఫీస్ చాలా లినక్స్‌లలో ముందే వేసి ఉంటుంది. అతను అక్కడికక్కడే తెరిచి, వ్యాసం బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చి, తారుమారైన వత్తులు సరిచేసుకోండని మీ చేతిలో పెట్టేస్తాడు. అప్పుడిక సుడో కొట్టడానికి మీకేం మిగలదు.