మూలపురుషుడు

మా బావగారు సోఫాలో కూర్చునేది మూల. ఎత్తేది మూలం. రెంటికీ మధ్య వినిపించేది మూలుగు. అందుకే మా ఇళ్ళల్లో కుర్రకారు ఆయనకి మూలపురుషుడని పేరు పెట్టారు. ఎదురుగా అనరు లెండి.

ఇలాంటి మనిషి మీకూ ఎక్కడో తగిలే ఉంటాడు. నవల ముందే చదివేసి, తర్వాత దాని సిరీస్ చూడ్డానికి కూర్చునే రకం. చదవనివాళ్ళు కథ చూస్తారు. ఈయన ఆడిట్‌కి వచ్చినట్టు పద్దులు చూస్తారు. ఎవరిని కొత్తగా జమకట్టారు, ఎవరిని రాని బాకీ కింద కొట్టేశారు, ఎవరి సొమ్ము ఎవరి ఖాతాలో పడింది. మా బావగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు కనక ఈ చూపు ఇంకాస్త పదును.

ఆడిట్‌కి రికార్డు కావాలి కదా. అది ఒళ్ళో ఉంటుంది. ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’. పదహారో ఏట ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, బేరమాడి ఆరు రూపాయలకి కొన్నది. అట్టకి సెల్లోటేపు, నడుముకి రబ్బరు బ్యాండు. విప్పితే పేజీలు పేకముక్కల్లా చేతికొస్తాయి. అక్క ఒకసారి పాత పేపర్లతో పాటు తూకానికి వేయబోతే రెండు పూటలు అన్నం మానేశారట.

2021లో యాపిల్ టీవీ ప్లస్‌లో ‘ఫౌండేషన్’ సిరీస్ మొదలవుతోందంటే ఆయన ఇంట్లో పెళ్ళిచూపులంత హడావిడి. పకోడీలు వేయించారు, లైట్లార్పించారు, నన్ను కూడా పిలిపించారు. బొమ్మ మొదలైంది. కాసేపటికే ఆగింది. రిమోట్ ఆయన చేతిలో ఉంది.

“గాల్ డోర్నిక్ ఆడపిల్లేమిటి?”

“ఎవరూ?” అంది అక్క.

“గాల్ డోర్నిక్. నవల్లో మగాడు.”

“పోన్లెండి, పిల్ల బాగుంది.”

నడిచింది. సాల్వర్ హార్డిన్ రాగానే మళ్ళీ ఆగింది. అక్కడా ఆడదే. పైగా చేతిలో తుపాకీ. “ఏమోయ్, వాడు మేయరు! తుపాకీ ముట్టకుండా మాటలతో రాజ్యాల్ని ఆడించినవాడు!” అని నా తొడ మీద చరిచారు. గంట ఎపిసోడు ఆ ఇంట్లో రెండున్నర గంటలు నడిచింది.

ఆయన బాధలో పస లేదని నేననను. అసిమోవ్ నవల్లో యుద్ధాలు గది బయట జరిగిపోతాయి. లోపల నలుగురు చుట్టలు కాలుస్తూ మాట్లాడుకుంటారు. 12,000 ఏళ్ళ గెలాక్సీ సామ్రాజ్యం కూలిపోతుంది, ఆ తర్వాత 30,000 ఏళ్ళు చీకటి, జాగ్రత్తపడితే దాన్ని 1,000 ఏళ్ళకి తగ్గించొచ్చు అని హారి సెల్డన్ అనే లెక్కల మేష్టారు తేలుస్తాడు. ఆయన శాస్త్రం ఒక్క మనిషి రేపేం చేస్తాడో చెప్పలేదు. కోటానుకోట్ల మంది కలిసి ఎటు పోతారో చెప్తుంది. అంటే ఏ వీరుడూ వచ్చి చరిత్రని ఆపలేడన్నమాట. వీరుడు లేకుండా సీరియల్ ఎలా తీస్తారు చెప్పండి? అందుకని పాత్రలకి జోస్యం చెప్పే శక్తులొచ్చాయి, ప్రేమలొచ్చాయి, పేలుళ్ళొచ్చాయి. ఆ పేలుళ్ళ దగ్గర బావగారి మూలుగుకి నేనూ శ్రుతి కలుపుతాను.

కానీ చక్రవర్తి దగ్గర మాత్రం అక్క పక్షమే. సిరీస్ రూపకర్త డేవిడ్ గోయర్ బృందం ఒక చిత్రమైన కల్పన చేసింది. క్లియాన్ చక్రవర్తికి తానే వారసుడు. ఒకే మనిషి క్లోన్లు మూడు వయసుల్లో ఒకేసారి ఏలుతుంటారు. డాన్, డే, డస్క్. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, సంధ్యావందనంలాగా. ఆ మధ్యాహ్నపు చక్రవర్తిగా లీ పేస్ తెర మీదికొస్తే అక్క స్టవ్ మీద పాలు కూడా మరిచిపోతుంది. బావగారు రబ్బరు బ్యాండు టప్పుమనిపిస్తారు.

“నవల్లో వీడు లేడే!”

“లేకపోతే నవలకే నష్టం,” అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఇంకోసారి ఆవిడకి నిజంగానే ఒళ్ళుమండి, “అసలు మీ పుస్తకంలో ఆడవాళ్ళెందరు?” అని అడిగింది. ఆయన పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. చివరి కథలో కొరెల్ పాలకుడి పెళ్ళాం దొరికింది. మొగుణ్ణి ఎత్తిపొడవడమే ఆవిడ పని. “ఉందిగా!” అన్నారు గర్వంగా. “పాపం, ఆవిడ కష్టం నాకు తెలుసు,” అంది అక్క.

మూలపురుషుడికి ఒక్క సిరీస్ చాలదు. హక్స్‌లీ 1932లో రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ని 2020లో సిరీస్‌గా తీస్తే, అందులో మనుషులందర్నీ కలిపే ఓ కృత్రిమ మేధ ఉంది. దాని పేరు ఇంద్ర. “హక్స్‌లీ ఇంట్లోకి ఇంద్రుడెలా దూరాడయ్యా?” అని వారం రోజులు అడిగారు. ఇంద్రుడు దూరని ఇల్లేముందని నేనన్నది ఆయనకి నచ్చలేదు. ఒక్క సీజన్‌తో ఆ సిరీస్ ఆగిపోతే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా మైసూర్‌పాక్ పెట్టారు. ఫిలిప్ కె. డిక్ ‘ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్’లో చేతులు మారేది ఒక నవల. అమెజాన్ వాళ్ళు దాన్ని ఫిల్ము రీళ్ళుగా మార్చారు. నవల మీద తీసిన సిరీస్‌లోనే నవలని తీసేశారన్న దుఃఖం ఆయనకి నాలుగు సీజన్లూ తగ్గలేదు.

మరి నవలని నమ్ముకుని తీస్తే? లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’కి ఆ అదృష్టం పట్టింది. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు కథని చాలావరకు లండన్‌కి మోసుకెళ్తే, చైనాలో టెన్సెంట్ వాళ్ళు 2023లో 30 ఎపిసోడ్లు, నవలని దగ్గరగా అనుసరిస్తూ తీశారు. నేనే వెతికి పెట్టాను. బావగారు ఒక్కసారీ రిమోట్ నొక్కలేదు. నాకు ఆనందబాష్పాలు రావాల్సింది. మూడో ఎపిసోడు సగంలో చూస్తే పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోతున్నారు. లేపితే, “అంతా అలాగే ఉందయ్యా, ఇంక చూడ్డానికేముంది?” అన్నారు.

ఇదే పెద్దమనిషి టీవీలో ‘మాయాబజార్’ ఎప్పుడొచ్చినా వదలరు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడితో ఆ పెళ్ళీ లేదు. సినిమాలోనేమో పాండవులే కనిపించరు. “మరి దీనికి మూలం అక్కర్లేదా?” అని అక్క నిలదీసింది. ఆయన జవాబు రెండు మాటలు. “అది వేరు.”

ఓసారి ఆయన పట్టుబడ్డారు కూడా. సెల్డన్ సమీకరణాల్ని గాల్లో చూపించే ప్రైమ్ రేడియంట్ అనే యంత్రం కనపడితే, “ఈ బొమ్మ నవల్లో లేదు” అని తీర్పు చెప్పారు. ఉంది. మూడో పుస్తకం ‘సెకండ్ ఫౌండేషన్’లో ఉంది. చూపించాను. ఆయన కాసేపు తలొంచుకుని, ఆ రోజు ఫుట్‌పాత్ మీద మూడో భాగం దొరకలేదని ఒప్పుకున్నారు. నలభయ్యేళ్ళుగా!

ఆ ధైర్యంతో పోయిన నెల నేనో తప్పు చేశాను. ఆయనకి అన్నిటికన్నా పెద్ద గాయం గాల్ డోర్నిక్ కదా. ఆ పాత్ర వచ్చే మొదటి అధ్యాయం అసిమోవ్ ముందు రాసింది కాదు. ‘ఫౌండేషన్’ కథలు 1942 నుంచి ‘అస్టౌండింగ్’ పత్రికలో వచ్చాయి. 1951లో వాటిని పుస్తకంగా కూర్చేటప్పుడు, ముందు అతికించడానికి ఈ అధ్యాయం కొత్తగా రాశాడు. ఈ సంగతి బావగారితో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు. పకోడీలు చల్లారిపోయాయి.

నాలుగో రోజు ఫోను. “ఏమోయ్, 1942 మే నెల ‘అస్టౌండింగ్’ ఎక్కడైనా దొరుకుతుందా?”

ఇప్పుడు ఆరు రూపాయల పుస్తకం ఒళ్ళోంచి టీపాయ్ మీదికి దిగింది. గాల్ డోర్నిక్ తెర మీదికి రాగానే మాత్రం రిమోట్ యథాప్రకారం. “ఆడా మగా తర్వాత సంగతి. పత్రికలో అసలు ఈ మనిషే లేదు!”

ఆ సంచిక మీ అటక మీద గానీ ఉంటే దయచేసి ఈయనకి అమ్మకండి. మా అక్క మూడో సీజన్ ఇంకా పూర్తి చెయ్యలేదు.