నైరుతి గోడ మీద కొండ

న్యూజెర్సీలో ఇల్లు కొన్నాక నైరుతి మూల తేలికగా ఉందని బెంగ పట్టుకుంది నాకు. అక్కడ బరువుండాలి కదా! బీరువా పెడదామంటే ఈ ఇళ్లలో బట్టలన్నీ గోడలోని అరల్లోకే పోతాయి. కొండ బొమ్మ పెట్టినా చాలు, సంసారం కదలకుండా నిలబడుతుందని ఎవరో అన్నారు. అంతే, థామస్ కోల్ 1839లో గీసిన క్రాఫర్డ్ నాచ్ చిత్రానికి పెద్ద ప్రింటు తెప్పించేశాను. అసలుది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో ఒక కనుమ. ఎర్రబడ్డ ఆకులు, చిన్న ఇల్లు, గుర్రం మీద ఒక మనిషి. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ “ఎంత ప్రశాంతమో చూడండి” అని ఉపన్యాసమిచ్చాను. మెలితిరిగి ఎండిన చెట్లు, నరికేసిన మొద్దులు, కొండ నెత్తిన కమ్ముకొస్తున్న కారుమబ్బు నా కంట పడితేగా!

మా అమ్మాయికి బళ్లో హాథార్న్ కథ పాఠం చెప్పిన రోజున నా పరువు పోయింది. ఆ కనుమలోనే, ఇంకాస్త దిగువన, విల్లీ అనే కుటుంబం ఉండేది. 1826 ఆగస్టు 28 రాత్రి కుండపోత వానకి కొండచరియ విరిగిపడింది. దంపతులు, అయిదుగురు పిల్లలు, ఇద్దరు పనివాళ్లు ఇల్లు వదిలి బయటికి పరుగెత్తారు. తొమ్మిదిమందీ పోయారు. ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. వెనకున్న బండ దగ్గర బురద రెండు పాయలై ఇంటికి అటూ ఇటూ జారిపోయింది. లోపలే ఉంటే బతికేవాళ్లు. కోల్ 1828లోనే వెళ్లి ఆ చోటు చూశాడు. 1835లో హాథార్న్ దాన్ని కథ చేశాడు.

“అంటే నాన్నా, స్టెబిలిటీ కోసం మనం జారిపోయిన కొండని తగిలించామా?”

ఊరుకోవచ్చుగా నేను! “ఇదిగో, ఆ ఇల్లు ఇదే, ఏమీ కాలేదు, శుభమే” అని బుకాయించాను. అదీ తప్పే. బొమ్మలో ఉన్నది కనుమ మొగలోని సత్రం. కోల్ ఆ చావుల జోలికే పోలేదు. మనుషుల్ని చీమంత చేసి, పైన మబ్బు పరిచి ఊరుకున్నాడు. ఆనాటి చూపరులకి మిగతాది చెప్పక్కర్లేదు. వాస్తు కోసం కొనేవాడు ఒకడు పుడతాడని పాపం ఆయన అనుకుని ఉండడు.

నిజానికి నేను ముందు చూసింది ఆయనదే, 1836 నాటి ‘ఆక్స్‌బో’. ఎడమవైపు ఉరుముల వాన, కుడివైపు ఎండ కాస్తున్న పొలాలు, కింద బండల మధ్య నుంచి మనవైపు తిరిగి చూస్తున్న బుల్లి చిత్రకారుడు. అందులో తుపాను ఉంది, ఇంటికి అరిష్టమని వద్దన్నాను.