ఫిబ్రవరిలో ఏ ఎర వేయాలి?

దబీర్‌పురా దర్వాజా కింద పొద్దున ఆరింటికి స్వెటర్లు, పదకొండింటికి చెరుకురసం. అంటే చలి పోతోంది, ఇంట్లో కూలర్ కిందికి దింపి గడ్డి మార్చమనే రోజులు వచ్చేశాయి. గాలం పట్టుకుని మీర్ ఆలం చెరువుకు బయల్దేరడానికి ఏడాదిలో ఇంతకన్నా అవసరమైన కాలం లేదు. అయితే చాలామంది ఎర దగ్గరే పొరపాటు చేసి చేపను పట్టేస్తారు. పట్టాక పొలుసు గీకాలి, పేగులు తీయాలి, పక్కింటికి రెండు ముక్కలు పంపాలి. సరైన ఎర ఎంచుకుంటే ఈ బాధ ఒక్కటీ ఉండదు.

1. ముందు చేప గురించి తెలుసుకోండి. లూర్ల, అంటే ప్లాస్టిక్ ఎరల, డబ్బాల మీద నోరు తెరుచుకుని కనిపించే బాస్ అమెరికా చెరువుల చేప. మన దగ్గర దాని బదులు ఉన్నది కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. నాచులో మాటు వేస్తుంది, దగ్గరికి వచ్చినదాని మీద దూకుతుంది. నీళ్లలోని గాలి దానికి చాలదు, పైకి వచ్చి గుటక వేసి పోతుంది. ఆ బుడగ ఎక్కడ లేచిందో జాగ్రత్తగా చూసుకోండి. గాలం దానికి ఇరవై గజాల అవతల వేయండి.

2. బతికున్న కప్ప, చిన్న చేప, ఎర్రల జోలికి పోకండి. కొర్రమీను వాటికి ఎగబడుతుంది. తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద అసలే వద్దు, ఆ వాసనకు రవ్వ, బొచ్చె బారులు తీరతాయి. పైగా ఎర్రలు తవ్వాలంటే నడుం వంచాలి. ఆదివారం నడుం వంచేవాడు ఇంట్లో కూలరే కడుక్కోవచ్చు.

3. డాలస్‌లో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేసి ప్లాస్టిక్ లూర్లు తెప్పించండి. మేనల్లుడు లేకపోతే ఇంటి ఖర్చు డబ్బుతో కొని, డబ్బా మీద ‘కూలర్ మోటర్’ అని రాసి అటక మీద పెట్టండి. ఏప్రిల్ వరకు ఎవరూ తెరవరు.

4. ఎంపికలో అసలు కిటుకు ఇక్కడ ఉంది, నెమ్మదిగా చదవండి. మాఘమాసంలో పొద్దుటి నీళ్లు చల్లగా ఉంటాయి. చేప ఒంట్లో చురుకుండదు, చిన్న ఎర మెల్లగా ముక్కు ముందు నుంచి పోతేనే నోరు తెరుస్తుంది. ఎండ ఎక్కాక ఒడ్డున లోతు తక్కువ నీళ్లు ముందు వేడెక్కుతాయి, చేపలు అక్కడికి చేరతాయి. కాబట్టి డబ్బాలో అన్నిటికన్నా పెద్దది, లోపల గోళీలు గలగలలాడేది, నారింజ రంగుది తీయండి. చెరువు నడిమికి విసరండి. కుట్టుమిషన్ చక్రంలా రీలు తిప్పండి. ఎండ ఎక్కగానే ఒడ్డు వదిలి చాయ్‌కి వెళ్లండి.

5. మూడు ముళ్ల కొక్కెం ఉన్న లూరే కొనండి. గుర్రపుడెక్కలో ఒక్కసారి పడిందా, ఇక రాదు. దాన్ని లాగుతూ, తిడుతూ, కర్ర వంచుతూ ముప్పావుగంట హాయిగా గడుస్తుంది. దూరం నుంచి చూసేవాళ్లకు పెద్ద చేపతో పోరాడుతున్నట్టే ఉంటుంది. అప్పుడే ఫోటో తీయించుకోండి, వెనక కట్ట కమాన్లు పడేలా. ఆ కట్టకు 21 కమాన్లు, కనీసం మూడైనా ఫోటోలో ఉంటే ఎవరూ అనుమానించరు.

6. చేపల సంఘం మనిషి వచ్చి పర్మిషన్ అడిగితే, దారం కడుగుతున్నానని చెప్పండి. ఎర చూపించమంటే చూపించండి. ఆ నారింజ లూరు చూశాక మీ మాట నమ్ముతాడు.

7. ఇంటికి ఖాళీ చేతులతో పోకూడదు. బేగంబజారు చేపల మార్కెట్టులో ఆగండి. అక్కడ కొర్రమీను తొట్టెలో బతికే ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. దాన్ని వదిలేసి పండుగప్ప కొనండి. బాస్‌కు మన సముద్రపు చుట్టం అదే, డబ్బా మీద బొమ్మతో మూతి కూడా కలుస్తుంది. ముక్కలు కొట్టించకండి. నోట్లో మీ నారింజ లూరు గుచ్చి సంచిలో పెట్టండి.

మీ అత్తగారిది భీమవరం వైపు అయితే చూడగానే గుర్తుపడతారు, ఇది ఉప్పుటేరు చేప కదా అల్లుడూ అంటారు. తడుముకోకండి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ దారినే ఎదురీది వచ్చిందని చెప్పండి. నడుమ ప్రకాశం బ్యారేజీ, పులిచింతల ఉన్నాయిగా అంటే, గేట్లు ఎత్తిన రోజు చూసుకుని వచ్చిందనండి. చేప మీద ఐసు ముక్క కనిపిస్తే, చెరువు ఇంకా వేడెక్కలేదనండి. అదే మాట మీద కూలర్ పని ఇంకో వారం వెనక్కి నెట్టేయండి.