ముందు ప్యాకెట్లు పారబోయండి

శాలిబండ నుంచి ఎంజీబీఎస్ దాకా ఆటోలో వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేట్ కోచింగ్‌కి పోయే పిల్లలకు నా సలహాలు తలకిందులుగానే అనిపిస్తాయి. నెట్‌వర్కింగ్‌ను ఓఎస్ఐ ఏడు పొరల బొమ్మతో మొదలుపెట్టకండి. అది ఇంటర్వ్యూలో గట్టెక్కిస్తుంది గానీ, లినక్స్ కెర్నెల్‌లో ప్యాకెట్ ఏ దారిన పోతుందో చెప్పదు. క్లౌడ్ సర్వర్ కూడా వద్దు. జుమ్మేరాత్ బజార్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్ చాలు, అదే మేలు కూడా. నెమ్మదిగా నడిచే మెషీన్‌లోనే పని ఎక్కడ పేరుకుపోతోందో తెలుస్తుంది.

ప్యాకెట్ చేరేలా కాదు, చేరకుండా చేయండి. యూడీపీ పోర్టు తెరిచి, వచ్చినదాన్ని ఎప్పటికీ చదవని ప్రోగ్రాం ఒకటి రాయండి. పది లైన్లు కూడా పట్టదు. ఇంకో టెర్మినల్ నుంచి ఒక్కో బైటు ఉన్న ప్యాకెట్లు పంపుతూ పోండి. సాకెట్ బఫర్ మామూలుగా 2,12,992 బైట్లు కదా, రెండు లక్షల ప్యాకెట్లు పట్టాలి. కొన్ని వందలకే నిండిపోతుంది! కెర్నెల్ మీ బైటును ఒక్కదాన్నే లెక్కగట్టదు. దాన్ని మోసే ఎస్‌కే బఫ్ అనే నిర్మాణానికి పట్టిన మెమరీ అంతా కలిపి లెక్కేస్తుంది. లాడ్ బజార్ కొట్లో అర నిండేది గాజులతో కాదు, గాజుల పెట్టెలతో. బఫర్ నిండాక వచ్చిన ప్యాకెట్లన్నీ చప్పుడు లేకుండా పోతాయి, పంపిన ప్రోగ్రాంకి ఏ ఎర్రరూ రాదు. ఎన్‌స్టాట్ కొడితే రిసీవ్ బఫర్ ఎర్రర్ల అంకె పెరుగుతూ కనిపిస్తుంది. అదే టీసీపీ అయితే విండో సున్నా చేసి అవతలివాళ్లనే ఆపుతుంది.

తర్వాత, ఐపీటేబుల్స్ ఇన్‌పుట్ చెయిన్‌లో ఐసీఎంపీని డ్రాప్ చేసి, ఫోన్ నుంచి పింగ్ చేయండి. జవాబు రాదు. టీసీపీడంప్‌లో మాత్రం ప్యాకెట్ వచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే అది తన కాపీని, ఐపీటేబుల్స్ నియమాలు అమలయ్యే నెట్‌ఫిల్టర్ కంటే ముందే తీసుకుంటుంది. "ప్యాకెట్ వచ్చింది, తప్పు అప్లికేషన్‌దే" అని ఆఫీసుల్లో వాదించేవాళ్లకి ఇది తెలియకపోవడం నాకు నిజంగా బాధే.

కెర్నెల్ సోర్సును మొదటి నుంచి చదవకండి. నెట్ ఫోల్డర్ లోపలి కోర్ ఫోల్డర్‌లో ఉన్న డెవ్.సి తెరిచి నడిమధ్యలో నెట్ ఆర్ఎక్స్ యాక్షన్ ఫంక్షన్ దగ్గర దిగండి. నెట్‌వర్క్ కార్డు ఇంటరప్ట్ కొట్టాక కెర్నెల్ అన్ని ప్యాకెట్లూ ఒకేసారి తీసుకోదు, విడతకు మామూలుగా 300 దాకానే. పని మిగిలుండగానే ఆగాల్సి వస్తే ప్రాక్‌లోని సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్ మూడో నిలువు వరుసలో లెక్క పెరుగుతుంది. రోజూ ముందు అది చూడండి. అంకెలు హెక్సాలో ఉంటాయి.