తెడ్డు వదిలితే ద్రోహమట!

హార్వర్డ్‌లో పడవ పందేల కోటాన సీటు తెచ్చుకున్న కుర్రాడు రెండో ఏట తెడ్డు కింద పెట్టాడనుకోండి. కలియుగంలో ధర్మానికి మిగిలిన ఆ ఒంటికాలూ విరిగిపోతుంది! కోచ్ మొహం మాడ్చుకుంటాడు. పూర్వ విద్యార్థులు "ఆట చూపించి సీటు కొట్టేశాడు, తిన్న ఉప్పుకు విశ్వాసం లేదు" అని నిట్టూరుస్తారు.

ఏ ఉప్పండీ? హార్వర్డ్ కూడా ఉన్న ఐవీ లీగ్‌లోని ఎనిమిది విశ్వవిద్యాలయాలూ 1954లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆటకు స్కాలర్‌షిప్పు ఇవ్వవు. ఫీజులో సాయమేదైనా ఇంటి ఆర్థిక స్థితిని బట్టే. ముందు విద్యార్థి, తర్వాతే ఆటగాడు అని గొప్పగా చెప్పుకుంటాయి కూడా. మరి ఆ ముందుది పట్టుకుని వెనకది వదిలేసినవాడి మీద అలక దేనికి? కూలి ఇవ్వకుండా కొలువు మానేశాడని తిట్టే యజమానిని ఇక్కడే చూస్తున్నాం.

సీటు ఇచ్చాం కదా అంటారు. నిజమే, అది చిన్న వరం కాదు. కోచ్‌లు ఎంచుకున్నవారిలో దాదాపు 86 శాతం మందికి హార్వర్డ్ తలుపు తెరిచిందని 2018లో బోస్టన్ కోర్టు విచారణలో బయటపడింది. మామూలు దరఖాస్తుదారుల్లో నూటికి పదిమందికి కూడా ఆ భాగ్యం లేదు. అయితే పూర్వ విద్యార్థుల పిల్లలకూ, దాతల బంధువులకూ అక్కడ మొగ్గు ఉంది. తండ్రి ఈ ఏడు చెక్కు రాయలేదని కొడుకును ద్రోహి అన్నవారున్నారా? వయొలిన్ మీద వ్యాసం రాసి సీటు తెచ్చుకున్న అమ్మాయి గది తలుపు కొట్టి, ఈ వారం సాధన చేశావా అని ఎవరైనా అడిగారా?

2019లో బయటపడ్డ కాలేజీ ప్రవేశాల కుంభకోణంలో తల్లిదండ్రులు లంచాలిచ్చి, పడవ పందెమే ఎరగని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించారు. అది మోసం, జైలుశిక్షలు పడ్డాయి. ఆడి, అలిసి, చదువుకుంటానన్నవాణ్ణి ఆ గాటన కట్టకండి. స్కాలర్‌షిప్పు ఇచ్చే పెద్ద జట్లలో తనంతట తాను మానేసినవాడికి డబ్బు ఆపేయవచ్చు. ఆ లెక్క సూటిగా ఉంది, ధర్మోపన్యాసం అక్కర్లేదు.

విశ్వాసం గురించి కోచ్‌ల పాఠమే అమోఘం. 2021 నవంబరు చివర, నోటర్‌డామ్ ఫుట్‌బాల్ జట్టు 11 మ్యాచ్‌లు గెలిచి జాతీయ ప్లేఆఫ్ మీద ఆశతో ఉండగానే, కోచ్ బ్రయన్ కెల్లీ లూసియానా స్టేట్ జట్టుకు వెళ్లిపోయాడు. పదేళ్లకు తొమ్మిదిన్నర కోట్ల డాలర్ల ఒప్పందం. ఆటగాళ్లకు ఆయన మాట ఫోన్ మెసేజ్‌గా చేరింది.

నాలుగేళ్లూ ఆడి తీరాలంటే ఐవీ పెద్దలు ఆ షరతు కాగితం మీద పెట్టి, జీతం కట్టి, సంతకం తీసుకోవాలి. అంతవరకు ఆ కుర్రాణ్ణి చదువుకోనివ్వండి బాబూ!