నూట ముప్ఫై ఏడు దాటొద్దు

నూట ఎనభైలోంచి మీ వయసు తీసేయండి. మిగిలిందే మీ గుండెకు గీసిన గీత. నలభై మూడేళ్ళాయనకు 137. తీసివేత వచ్చిన పిల్లాడెవడైనా చేసే ఈ లెక్కను ఫిల్ మాఫెటోన్ అనే అమెరికా ఆయన నలభై ఏళ్ళ కిందటే పరుగు లోకానికి అప్పగించాడు. అది ఊళ్ళన్నీ తిరిగి ఇప్పుడు పటాన్‌చెరు పక్కన చిట్కుల్ చేరింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ 3 దగ్గర దిగి, ముత్తంగి మీదుగా వచ్చినట్టుంది. టూవీలర్లను ఔటర్ ఎక్కనివ్వరు కాబట్టి కార్లోనే వచ్చి ఉంటుంది.

పొద్దున అయిదున్నరకు సర్వీసు రోడ్డు మీద నిలబడితే దాని మహిమ కనబడుతుంది. చీకట్లో మెరిసే బనియను, నెల జీతమంత బూట్లు (ఎవరి జీతమని అడిగితే, పాశమైలారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీది) తొడిగిన ఒకాయన బుద్ధిగా ఉరుకుతూ ఉరుకుతూ ఠక్కున ఆగిపోతాడు. కుక్క తరమలేదు, టిప్పరు అడ్డం రాలేదు. వాచీ కీచుమంది. 138. ఆయన నేరం చేసినవాడిలా తల దించుకుని నడక పడతాడు. 129కి దిగాక మళ్ళీ పది అడుగులు పరుగు. మళ్ళీ కీచు. నైట్ డ్యూటీ దిగి బస్సు కోసం చూస్తున్న కార్మికుడికి జాలేస్తుంది.

"ఏమైంది సార్, కాలు పట్టుకున్నదా?"

"లేదు లేదు. జోన్ టూ."

"పాశమైలారం ఫేజ్ టూనా? గట్లయితే ఇటు కాదు సార్, ఎనకకు మర్లాలె."

నవ్వేముందు న్యాయం కూడా చెప్పుకోవాలి. పద్ధతిలో తప్పులేదు. దూరాలు ఉరికేవాళ్ళకు మొదట కావలసింది వేగం కాదు, ఓపిక. నెలల తరబడి మెల్లగా ఉరికితే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును కరిగించి శక్తిగా వాడుకునే అలవాటు ఒంటికి పడుతుంది. మాఫెటోన్ చెప్పిన గీతకు లోబడ్డ మార్క్ అలెన్ అనే ట్రయాథ్లెట్ మొదట్లో తన పరుగు చూసి తానే సిగ్గుపడేంత నెమ్మదించాడు, ఆ తర్వాత హవాయి ఐరన్‌మ్యాన్‌ను ఆరుసార్లు గెలిచాడు. ప్రపంచ స్థాయి రన్నర్ల సాధనలో అయిదింట నాలుగు వంతులు తేలిక పరుగే ఉంటుందని స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు లెక్కగట్టి చూపించాడు. ఇవన్నీ నిజాలు. మన ఆయన అలెన్ అడుగుజాడల్లో మొదటి సగం దాకా వచ్చాడు. సిగ్గుపడేంత నెమ్మదించాడు.

ఇక ఆ గీత ఎంత గట్టిదో చూద్దాం. చాలామంది వాచీల్లో మాఫెటోన్ గీత కాకుండా ఇంకో లెక్క ఉంటుంది. 220లోంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకోగల గరిష్ఠం, దాన్ని అయిదు ముక్కలు చేస్తే జోన్లు. కిందినుంచి రెండోది, తేలిక పరుగుది, జోన్ టూ. 1971లో ఫాక్స్, ఆయన సహచరులు అప్పటికి దొరికిన కొద్దిపాటి వివరాల మీద ఉజ్జాయింపుగా గీసిన గీత అది. అందుకోసం ప్రత్యేకంగా ఎవరూ ప్రయోగం చేయలేదు. 2001లో తనకా బృందం దాన్ని సవరించి 208 అనీ, అందులోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలనీ చెప్పింది. ఏది వాడినా మనిషికీ మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ అవడం మామూలే. మన ఆయన జోన్ టూ వెడల్పు చూస్తే మొత్తం పద్దెనిమిది బీట్లకు మించదు. ఇంచుమించు గది వెడల్పంత తేడా వచ్చే టేపుతో గది కొలుస్తున్నాం, పైగా అంగుళం దాటిందని చెంపలు వేసుకుంటున్నాం.

వాచీ సంగతి వేరే చెప్పాలా? 1982లో ఫిన్లాండ్‌లో పోలార్ కంపెనీ వైర్లు లేని గుండె కొలత యంత్రం తెచ్చినప్పుడు ఛాతీకి పట్టీ కట్టుకోవాలి, అది పట్టుకోవడానికి తడి చేయాలి. ఇప్పటికీ సరైన కొలత ఆ పట్టీదే. కానీ ఉమ్మి రాసుకుని పట్టీ కట్టుకోవడం ముప్ఫై వేల వాచీ పెట్టుకున్నవాడి హోదాకు తగదు. మణికట్టు మీద ఆకుపచ్చ లైటు చర్మంలోకి వెళ్ళి నెత్తురు ఉప్పెనను లెక్కిస్తుంది. వాచీ కొంచెం వదులైనా, చలికి వేళ్ళు బిగిసినా ఆ లైటు తికమకపడి, చెయ్యి ఊగే లయను పట్టుకుని, అడుగులనే గుండె చప్పుడనుకుంటుంది. అప్పుడు నిమిషానికి 174 అని చూపిస్తుంది. మన ఆయన రోడ్డు పక్క రాయి మీద కూలబడి ఇంటికి ఫోన్ చేస్తాడు. కొట్టుకున్నవి బూట్లు, బెదిరింది భార్య.

ఈ యంత్రాలు రాకముందు తేలిక పరుగుకు కొలత లేదా? ఉంది. పక్కవాడితో మాట్లాడుతూ ఉరకగలిగితే సరైన వేగం, మాట మధ్యలో ఊపిరి తెగితే ఎక్కువైనట్టు. గుండె జబ్బు వచ్చి కోలుకున్నవాళ్ళకు వ్యాయామం చెప్పేటప్పుడు డాక్టర్లు ఇప్పటికీ ఈ మాటే చెబుతారు. దీనికి చార్జింగ్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అక్కర్లేదు. కెన్యాలో ఇటెన్ కుర్రాళ్ళు తెల్లారుజామున గుంపుగా చేరి, నడకకు కాస్త పైన మొదలుపెట్టి, ఒకరి అడుగులో ఒకరు వేసుకుంటూ పోతారు. కావలసిందల్లా పక్కన ఒక మనిషి.

ఆ మనిషే ఇప్పుడు సమస్యయి కూర్చున్నాడు. మాట్లాడితే గుండె నాలుగు బీట్లు ఎక్కువ కొడుతుంది కదా! మాట్లాడగలిగేంత మెల్లగా ఉరకాలన్నది అసలు నియమం. మెల్లగా ఉరకాలి కనుక మాట్లాడకూడదన్నది చిట్కుల్ సవరణ.

రన్నర్ల గుంపు పేరులో ఎలాగూ 'ఫ్యామిలీ' అని ఉంటుంది. పరుగుకు ముందు ఫ్యామిలీ ఫొటో తప్పనిసరి. బొటనవేళ్ళు పైకి, పొట్టలు లోపలికి. క్లిక్ అయిందో లేదో ఫ్యామిలీ చెల్లాచెదురు. ఒకాయన గీత 128, ఇంకొకాయనది 142, కుర్రాడిది 155. ఎవడి గీత వాడిది, ఎవడి చెవుల్లో ఇయర్‌బడ్స్ వాడివి. పొరపాటున ఇద్దరు ఒకే వేగంలో కలిస్తే ఇదీ సంభాషణ:

"అన్నా, పాపకు సంబంధం కుదిరిందంట కదా?"

"ఆగరాదే తమ్మీ, 136ల ఉన్న. అయిపోయినంక మాట్లాడుదాం."

అయిపోయిన తర్వాత టిఫిన్ సెంటర్లో కూర్చుంటారు. ఇడ్లీ వస్తుంది, చల్లారుతుంది. అందరూ ఫోన్లలో తలలు పెట్టి పరుగును ఎక్కిస్తుంటారు. బల్లకు అటువైపు కూర్చున్న ఆయన పరుగును ఇటువైపు ఆయన ఫోన్లో మెచ్చుకుంటాడు. అటాయన ఫోన్లోనే నమస్కారం పెడతాడు. ఇద్దరి మోకాళ్ళూ బల్ల కింద తగులుతూనే ఉంటాయి. పాప పెళ్ళి సంగతి చివరికి వాట్సాప్‌లో కార్డు వచ్చాకే తెలుస్తుంది.

ఇంత నిష్ఠతో కొలుచుకుంటున్న గుండె ఒక్కోరోజు కారణం చెప్పకుండా మొరాయిస్తుంది. అదే రోడ్డు, అదే వేగం, నిన్న 135, ఇవాళ 144. గ్రూపులో శవపరీక్ష మొదలవుతుంది. నిద్ర తక్కువైందా? కాఫీ ఎక్కువైందా? మెగ్నీషియం వేసుకున్నారా? రాత్రి పెళ్ళి భోజనమా? ఆఫీసులో అప్రైజలా? అత్తగారు వచ్చారా? ఉక్క ఎక్కువైన రోజు చెమట పోయి నెత్తురు పరిమాణం తగ్గుతుంది, ఒక్కో కొట్టుడుకు గుండె తోసే నెత్తురు తగ్గి, ఆ లోటు పూడ్చడానికి అది తొందరగా కొట్టుకుంటుంది. ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో ఎందరివో జోన్లు ఎగిరిపోయేది ఇందుకే. ఈ శాస్త్రం కూడా గ్రూపులో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అన్నీ అడుగుతారు, అన్నిటికీ జవాబు తమ ఒంట్లోనే వెతుక్కుంటారు. ముక్కు దాకా వచ్చిన వాసన మాత్రం చర్చకు రాదు.

చిట్కుల్‌లో ఆ వాసన గురించి అడగకపోవడానికి చాలా సాధన చేసి ఉండాలి. పక్కనే నక్కవాగు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఎస్టేట్ల పాపాలు మోసుకుంటూ మంజీరలో కలిసే వాగు. ఈ కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. వ్యర్థాలను కలిపి శుద్ధి చేస్తామని పటాన్‌చెరులో ఉమ్మడి ప్లాంటు పెట్టారు. ఆ ప్లాంటు 'శుద్ధి చేసిన' నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితం అచ్చువేసింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు. ఆ మాత్ర మింగిన రోగి నెత్తుట్లో ఉండేదానికంటే ఎక్కువ మందు ఆ నీళ్ళలో ఉంది. ప్రపంచమంతా నోరు తెరిచిన అంకె అది. మన ఆయన వాచీలో నలభై రకాల అంకెలున్నాయి, ఇలాంటిదానికి గడి లేదు.

పటాన్‌చెరులోనే డాక్టర్ కిషన్‌రావు అనే ఆయన ప్రాక్టీసు పెట్టారు. ఆయన నాడి చూసింది వేళ్ళతోనే. రోగి మణికట్టు పట్టుకుని, కిటికీలోంచి వాగు వైపు చూసి, ఇది ఒంట్లో పుట్టిన జబ్బు కాదని తేల్చుకుని, ఫ్యాక్టరీల కాలుష్యం మీద దశాబ్దాలపాటు కొట్లాడారు. ఇప్పటి పరికరం నాడి చూడటంలో ఆయనకంటే చురుకైనదే. దానికి కిటికీ పెట్టలేదంతే.

గాలి సంగతి ఇంకా తమాషా. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. తేలిక పరుగులో అది ఆరేడింతలవుతుంది, పైగా నోటితో. చలికాలం తెల్లారుజామున నేలమీది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి పొగ పైకి పోలేక మన నెత్తిమీదే మూత పడుతుంది. కంపెనీలు రాత్రిపూటే వదులుతాయని ఈ పక్క ఊళ్ళవాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అంటే గుండె చల్లగా ఉంటుందని మన ఆయన ఏరికోరి ఎంచుకున్న గంట, ఊపిరితిత్తులకు ఇరవై నాలుగు గంటల్లోకీ చెడ్డగంట. టిప్పరు పక్కనుంచి పోతే కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటాడు. ఎందుకో తెలుసా? దగ్గితే బీట్ పెరుగుతుంది.

2025 జూన్ 30, సోమవారం పొద్దున పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా చనిపోయారు. బీహార్ నుంచీ ఒడిశా నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు అందులో ఎందరో. ఆ రాత్రి ఈ చుట్టుపక్కల ప్రతి మణికట్టు మీదా ఎప్పటిలాగే రోజు చిట్టా వచ్చే ఉంటుంది. అడుగులు ఇన్ని, నిద్ర ఇంత, ఒత్తిడి 'మామూలు'.

మాఫెటోన్ ఆయనకైనా కొంత మనసుంది. ఆయన లెక్కలో తరుగులున్నాయి. పెద్ద జబ్బు నుంచి లేచినవాడు, రోజూ మందులు మింగేవాడు ఇంకో 10 తగ్గించుకోవాలి. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాడు, ఏడాదికి రెండుసార్లకు మించి జలుబు చేసేవాడు 5 తగ్గించుకోవాలి. ఆయన చిట్కుల్ రాలేదు కాబట్టి మిగతాది మనమే పూరిద్దాం. అర్ధరాత్రి వాసనకు 10. బోరు నీళ్ళకు 10. లారీల దుమ్ముకు 5. చెరువులో చేపలు వెల్లకిలా తేలిన వారంలో ఇంకో 5. తనిఖీకి అధికారులు వస్తున్నారని ముందే తెలిసి పొగగొట్టాలు నిద్రపోయే రోజుల్లో మాత్రం 5 కలుపుకోవచ్చు. ఊళ్ళోనే పుట్టి, ఊళ్ళోనే పెరిగి, అరవై దాటి, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకు తిరిగే పెద్దమనిషికి ఈ లెక్క కడితే ఎనభై చిల్లర తేలుతుంది. అరుగు మీద నుంచి లేచి చెంబు అందుకుంటేనే ఆయన గుండె అది దాటేస్తుంది. శాస్త్ర ప్రకారం ఆయన పడుకునే సాధన చేయాలి. చేస్తూనే ఉన్నాడు పాపం, మంచం మీద.

నాదొక మనవి. ఆ మంచి ఛాతీ పట్టీ ఒకటి, తడిచేసి, ఒక్క రోజు బాయిలర్ దగ్గర నిలబడేవాడికి కట్టండి. పన్నెండు గంటల షిఫ్టు, పైన రేకులు, మే నెల. మీ జోన్లు అయిదింటినీ అతను టీ టైములోపే చుట్టి వస్తాడు, మెడల్ లేకుండా, అరటిపండు లేకుండా. షిఫ్టు దిగేసరికి వాచీ నిజాయితీగా ఒక మాట చెబుతుంది: కోలుకోవడానికి 72 గంటలు విశ్రాంతి. ఆ తెర పట్టుకుని అతను కాంట్రాక్టర్ దగ్గరికి పోతాడు.

"అన్నా, మూడు దినాలు రెస్ట్ తీసుకోమంటున్నది."

"ఎవలు?"

"వాచీ."

"మంచిగున్నది. దానికి మూడు దినాలు లీవ్ ఇస్తున్న. నువ్వు రేపు ఆరింటికి రా."